‘మునుపటి స్థితికి వచ్చింది’ అని నేను రాసిన కారు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి సంవత్సరం, మార్చి నెలలో, మలేషియాలోని బంటింగ్‌లో లారీ గుద్దిన ఒక కారును పరిశీలించే పని నాకు అప్పజెప్పారు. అప్పటికి నేను క్లాంగ్ బ్రాంచిలో సీనియర్ అడ్జస్టర్ని. రిటైర్మెంటుకు ఇంకా పందొమ్మిది నెలలుంది.

అడ్జస్టరంటే ఇన్సూరెన్స్ ఏజెంటనుకుంటారు కొందరు, మెకానిక్కనుకుంటారు ఇంకొందరు. రెండూ కాదు. ప్రమాదం జరిగిన బండిని చూసి, దెబ్బ ఎక్కడెక్కడ తగిలింది, ఏ భాగం మార్చాలి, ఏది సరిచేస్తే చాలు, ఎన్ని రోజుల పని, న్యాయమైన ఖర్చెంత అని నివేదిక రాసేవాడు అడ్జస్టర్. మాది ఏ ఇన్సూరెన్స్ కంపెనీకీ చెందని స్వతంత్ర సంస్థ, లైసెన్సు ఉన్న సంస్థ. ఫీజు ఇచ్చేది మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీయే. ఈ రెండూ ఒకచోట ఎలా ఇముడుతాయని ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

ఫైలు మీద యజమాని పేరు పార్వతి, తండ్రి పేరు అప్పలనాయుడు. మలేషియాలో మనవాళ్ళకు ఇంటిపేరు కాగితాల్లో ఉండదు, తండ్రి పేరే వెనక నడుస్తుంది. అప్పలనాయుడు అని చూడగానే మనవాళ్ళేనని తెలిసిపోయింది. ఎర్ర లైటు దగ్గర ఆగి ఉన్న ఆమె కారును ఇసుక లారీ వెనక నుంచి గుద్దింది. పోలీసులు లారీ డ్రైవరుకే సమన్లు ఇచ్చారు. అంటే తప్పెవరిదన్న గొడవ లేదు. లారీకి ఇన్సూరెన్స్ ఇచ్చిన కంపెనీ రిపేరు ఖర్చు భరించాలి, అది ఎంతో తేల్చడానికి నన్ను పంపింది.

వర్క్‌షాపు టౌకే, అంటే యజమాని, నేను వెళ్ళేసరికి డిక్కీలో తివాచీ పీకించి పెట్టాడు. డిక్కీ అడుగు రేకు ముడతలు పడి ఉంది. దాని కింద ఎడమవైపు చాసిస్ లెగ్ మడత పడింది. చాసిస్ లెగ్‌ను కారుకు నడుం అనుకోవచ్చు. తలుపు, బంపరు, దీపం ఇవన్నీ విప్పి మార్చేవి. నడుం అలాంటిది కాదు. కారును ఇనుప బెంచికి బిగించి, గొలుసులతో లాగి, కొలతలు సరిచూసుకుంటూ కొంత కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి. నేను ఫొటోలు తీసుకుని, కొలతలు రాసుకుని, పదమూడు పనిదినాలు పడుతుందని అంచనా వేశాను.

పార్వతి అక్కడికే వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. ఇంట్లో దోసెలు, నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం పొట్లాలు చేయించి దగ్గరి ఫ్యాక్టరీ క్యాంటీనుకు పొద్దున షిఫ్టుకు వేసే వ్యాపారం ఆమెది. ముందు నాతో తమిళంలో మొదలుపెట్టి, నేను తెలుగువాణ్ణని తెలియగానే మొహం విప్పార్చుకుని మన మాటలోకి దిగింది.

“ఏటన్నియ్యా, నడుం ఇరిగిపోనాదంతన్నాడు టౌకే. మళ్ళీ మునపట్లాగ అయిపోద్దా?”

“అయిపోద్దమ్మా. బెంచీ మీదెట్టి లాగితే కొత్తదే, లా. దిగులెట్టుకోకు” అన్నాను.

ఎన్నాళ్ళకో మన యాస, చివర ఇక్కడివాళ్ళ ఊతపదం ‘లా’తో సహా, నోట్లో తిరిగిన సంతోషంలో అన్న మాట అది. అడ్జస్టరు వాహన యజమానికి అలాంటి హామీ ఇవ్వకూడదని శిక్షణలో మొదటి వారమే చెబుతారు. నేనే కుర్ర అడ్జస్టర్లకు చెప్పేవాణ్ణి.

రిపేరు అయ్యాక మళ్ళీ వెళ్ళి చూడడం మా పద్ధతి. వెళ్ళాను. కొలతలు హద్దుల్లోనే ఉన్నాయి, వెల్డింగ్ శుభ్రంగా ఉంది, చక్రాల వరస సరిపోయింది. ఆఫీసుకు వచ్చి తుది నివేదిక పూర్తిచేశాను. ఆ నివేదిక చివర మా కంప్యూటర్లో ఎప్పటి నుంచో అచ్చై ఉన్న వాక్యం ఒకటుంది: వాహనం ప్రమాదానికి మునుపటి స్థితికి వచ్చింది; విలువలో నష్టం లేదు. దాన్ని ఎవరూ టైపు చేయరు. తీసేయాలంటేనే పని, ఉంచాలంటే ఏ పనీ లేదు. ఉంచాను, సంతకం పెట్టాను.

అయిదు వారాల తర్వాత పార్వతి క్లాంగ్‌లో మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె చెప్పగా నాకు మొదటిసారి తెలిసిన సంగతి ఇది. ప్రమాదానికి పది రోజుల ముందే ఆమె ఆ కారును ఒక స్కూలు టీచరమ్మకు ముప్పై ఒక్క వేల రింగిట్లకు అమ్మడానికి ఒప్పుకుంది. కాగితం రాసుకున్నారు, బయానా కూడా తీసుకుంది. ఫ్యాక్టరీవాళ్ళు రాత్రి షిఫ్టు టిఫిను కూడా ఆమెకే ఇస్తామన్నారట. అంత సరుకు కారులో పట్టదు. కారు అమ్మిన డబ్బు మొదటి వాయిదాగా కట్టి ఒక సెకండ్‌హ్యాండ్ వ్యాను తీసుకోవాలని మాట్లాడుకుంది. మే నెలాఖరు లోపల వ్యాను ఉంటేనే ఆ కాంట్రాక్టు.

రిపేరై వచ్చిన కారును తీసుకెళ్ళడానికి టీచరమ్మ వచ్చింది. పార్వతి డిక్కీ తెరిచి, తివాచీ ఎత్తి, జరిగిందంతా తనే చెప్పింది. టీచరమ్మ రెండు రోజులు ఆలోచించుకుని, పిల్లల్ని ఎక్కించుకునే బండి కదా అని బయానా వెనక్కి తీసుకుంది. నేను ఆమెను తప్పు పట్టను. తర్వాత పార్వతి పాత కార్ల డీలరు దగ్గరికి వెళ్ళింది. అతను ఇరవై ఆరు వేల అయిదు వందలకు మించి ఇవ్వనన్నాడు, ఆ మాటే కాగితం మీద రాసిమ్మంటే రాసిచ్చాడు. పైగా తివాచీని జిగురుతో అంటించేస్తే ఎవరికీ తెలియదని ఉచిత సలహా ఒకటి ఇచ్చాడు.

తేడా నాలుగు వేల అయిదు వందలు. ఆమె దాన్ని లారీ ఇన్సూరెన్స్ కంపెనీని అడిగింది. ఇది దయాధర్మం అడగడం కాదు. మన సొంత పాలసీ మీద ఇలాంటి నష్టం అడగలేం, పాలసీలోనే మినహాయింపు రాసి ఉంటుంది. కాని ఎదుటివాడి తప్పు వల్ల మన వస్తువు ధర పడిపోతే, ఆ తేడాను ఎదుటివాణ్ణి అడిగే హక్కు ఉంది. చాలామంది అడగరు. అడగవచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన చోట కూర్చున్నవాళ్ళలో నేనొకణ్ణి.

కంపెనీ జవాబు నాలుగు వరసలు. అందులో రెండు వరసలు నావే: మునుపటి స్థితికి వచ్చింది, విలువలో నష్టం లేదు. కింద నా పేరు, నా లైసెన్సు నంబరు.

“నష్టం లేదని మీరే రాసినారు కదన్నియ్యా” అంది పార్వతి. “మరి ఆ లేని నష్టం నా సంచీలోంచే ఎలాగ పోనాది?”

బండి బాగయిందన్నది నిజమేనమ్మా, ధర సంగతి నేను చూడలేదు అన్నాను.

“సూడకపోతే సూడలేదని రాయాల. లేదని రాసేస్తారేటి?”

ముప్పై ఒక్క ఏళ్ళలో మేనేజర్లు, ఆడిటర్లు, లాయర్లు ఎంతమందో నా నివేదికలు చదివారు. ఈ ప్రశ్న ఒక్కరూ వేయలేదు. చూస్తానమ్మా అని చెప్పి ఆమెను పంపించాను.

వెంటనే ఆ కంపెనీలో ఈ ఫైలు చూసే క్లెయిమ్స్ అధికారికి ఫోన్ చేశాను. నా వాక్యాన్ని అలా వాడుకోవడం సరికాదని, ధర గురించి విడిగా పరిశీలిస్తానని చెప్పాను. ఆయన నవ్వాడు. కొనేవాళ్ళకు రిపేరు సంగతి ఆవిడను చెప్పమన్నదెవరని అడిగాడు. నోరు మూసుకుని ఉంటే కారు ఒప్పుకున్న ధరకే పోయేదట, తన నోటి వల్ల తెచ్చుకున్న నష్టానికి కంపెనీ ఎలా బాధ్యత వహిస్తుందట. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. కాకి కనీసం ఎద్దుకు నీతులు చెప్పదు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఆయన మాటకు అర్థమేమిటి? నష్టం లేదు, ఎందుకంటే దాన్ని ఎవరో ఒక స్కూలు టీచరు నెత్తిన రుద్దవచ్చు. అలా రుద్దనందుకు పార్వతి తెలివితక్కువది. అబద్ధమాడితే నష్టం ఉండదు, నిజం చెబితే నష్టం నీ ఖర్మ. ఇంత పెద్ద కంపెనీ, గోడల మీద నిజాయితీ గురించి ఫ్రేములు కట్టించి పెట్టుకున్న కంపెనీ, ఒక క్యాంటీను టిఫిన్ల మనిషికి ఇచ్చిన సలహా అది.

ఇంతకన్నా అన్యాయం ఇంకొకటుంది, అది నా చేతి కిందే ఉంది. కారు దొంగల పాలైనా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా, కంపెనీ ఆ కారు ధరను దాని యజమానికి కట్టాలి. ఆ ధర తేల్చడానికి ఇదే కంపెనీ మాకు ఒక పట్టిక ఇచ్చింది. మోడలు, వయసు, తిరిగిన దూరం, టైర్ల స్థితి అన్నిటికీ వరసలున్నాయి. ఏడో వరస: గతంలో చాసిస్‌కు రిపేరు జరిగి ఉంటే ధర తగ్గించాలి. ఫిబ్రవరిలోనే, దొంగలెత్తుకుపోయిన ఒక కారుకు నేను ఆ వరస నింపి ధర తగ్గించాను. ఆ యజమాని గింజుకుంటే, రిపేరైన కారుకు మార్కెట్లో అంత పలకదండీ అని ఓపిగ్గా వివరించాను కూడా. కంపెనీ కారు ధర కట్టాల్సి వచ్చినప్పుడు చాసిస్ మీద వెల్డింగ్ నష్టం. ధర పడిపోయిందని యజమాని అడిగినప్పుడు అదే వెల్డింగ్ నష్టం కాదు. రెండు చోట్లా సంతకం నాది. కంపెనీని రెండు నాలుకల పామని తిట్టుకోబోయి, రెండో నాలుక నాదేనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మర్నాడు అనుబంధ నివేదిక తయారు చేశాను. బంటింగ్, క్లాంగ్‌లలో ముగ్గురు డీలర్లను విచారించి, ప్రమాదానికి ముందు కాగితం మీద ఒప్పుకున్న ధరను జతచేసి, ఏడో వరసను ప్రస్తావించి, ధరలో నష్టం నాలుగు వేల పైచిలుకు ఉంటుందని రాశాను. మా దగ్గర ఏ నివేదికైనా బ్రాంచి మేనేజర్ సంతకం లేకుండా బయటికి పోదు. మేనేజర్ మిస్టర్ చాన్ నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న, పనిమంతుడు. రెండుసార్లు చదివాడు. ఇందులో తప్పేమీ లేదన్నాడు. అయితే కంపెనీ దీన్ని అడగలేదని, అడగని నివేదిక మనం ఇవ్వమని, బ్రాంచిలో పదకొండు మంది జీతాల్లో సగం ఈ కంపెనీ పనుల మీదే నడుస్తోందని చెప్పి ఫైల్లో పెట్టేశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు అని తెలుగులో అనలేదు కాని ఆయన మాటల సారం అదే.

నివేదిక కంపెనీ ఆస్తి. పార్వతికి ఇవ్వడం లైసెన్సు నిబంధనలకు విరుద్ధం, ఇవ్వలేదు. ఫోన్ చేసి మూడు విషయాలు మాత్రం చెప్పాను. అయిదు వేల రింగిట్ల లోపు దావాలకు మేజిస్ట్రేట్ కోర్టులో చిన్న దావాల విధానం ఉంది, లాయరు అక్కర్లేదు. దావా ఇన్సూరెన్స్ కంపెనీ మీద కాదు, లారీ యజమాని మీద, డ్రైవరు మీద వేయాలి. కోర్టు పిలిస్తే నేను వచ్చి అడిగినదానికి జవాబు చెప్పి తీరాలి.

“మిమ్మల్ని పిలిపించమని నానే అడుగుతాను. మళ్ళీ కోపం రాకూడదు మరి” అంది.

కేసు విచారణకు వచ్చేసరికి ఆగస్టు అయింది. ఈలోపు మే నెలాఖరు వచ్చి వెళ్ళిపోయింది. వ్యాను ఇంకెవరో కొనుక్కున్నారు, రాత్రి షిఫ్టు కాంట్రాక్టు ఇంకెవరికో పోయింది.

కోర్టులో లారీ సంస్థ తరఫున వాళ్ళ మేనేజరు వచ్చాడు. క్లెయిమ్స్ అధికారి వెనక బల్ల మీద కూర్చున్నాడు, మాట్లాడే హక్కు ఆయనకు లేదు. మేనేజరు మొదట, పార్వతి రిపేరు డబ్బు ముట్టిందని సంతకం పెట్టేసింది కాబట్టి ఇక అడిగేది లేదన్నాడు. డిశ్చార్జ్ వోచరని ఒకటుంటుంది. దాని మీద సంతకం పెడితే ఆ ప్రమాదం గురించి ఇంకేమీ అడగనని ఒప్పుకున్నట్టే. మేజిస్ట్రేటు, ముప్పై అయిదేళ్ళు దాటని ఒక అమ్మాయి, ఆ కాగితం తెప్పించుకుని చూసింది. సంతకం పక్కన పార్వతి తన చేత్తో మలయ్‌లో ‘రిపేరుకు మాత్రమే’ అని రాసి ఉంది. కంపెనీలో ఎవరూ గమనించలేదు. వోచరు మీద చేత్తో రాసేవాళ్ళు ఉంటారని వాళ్ళకు తట్టి ఉండదు.

అప్పుడు మేనేజరు నా నివేదిక తీశాడు. నన్ను పిలిచారు. ఈ వాక్యం మీదేనా అని మేజిస్ట్రేటు అడిగింది. నాదేనన్నాను. రాసేటప్పుడు మార్కెట్ ధర విచారించారా అంది. లేదన్నాను. మరి విలువలో నష్టం లేదని దేని ఆధారంగా రాశారు అంది. ఆ వాక్యం ముందే అచ్చై ఉంటుంది, నేను తీసేయలేదు అని చెప్పాను. తర్వాత విచారించారా అని అడిగింది. విచారించానని, నాలుగు వేల పైచిలుకు నష్టమని తేలిందని, ఆ నివేదిక మా ఆఫీసు ఫైల్లో ఉందని చెప్పాను. వెనక బల్ల కిర్రుమంది.

మేనేజరు లేచి, అయితే మొదట అబద్ధం రాశారా అని అడిగాడు. ఆలోచించకుండా రాశాను అన్నాను. ఎంతోమంది లాయర్ల ముందు సాక్ష్యం చెప్పినవాణ్ణి, ఏనాడూ అలా తల వంచుకోలేదు.

చివర పార్వతిని ఏమైనా అడుగుతావా అన్నారు. ఆమె ఒకే ప్రశ్న వేసింది, కోర్టు భాష కాబట్టి మలయ్‌లోనే వేసింది. అంతా తెలిసి, మీ కూతురికి ఈ కారును ముప్పై ఒక్క వేలకు కొనిపెడతారా అని. పెట్టను అన్నాను.

మేజిస్ట్రేటు నాలుగు వేలు ఇప్పించింది. రిపేరు రోజుల్లో వయసు వల్ల ఎలాగూ కొంత ధర పడేదని అయిదు వందలు తగ్గించింది. న్యాయమైన లెక్కే. డబ్బు మూడు వారాల్లో వచ్చింది. పార్వతి ఫోన్ చేసి చెప్పింది.

“డబ్బులొచ్చినాయన్నియ్యా. వ్యానే లేదు. ఈ కారే ఉంచేసుకున్నాను. ఎనక సీటు పీకించేసి టిఫిను డబ్బాలు ఏస్కెళ్తన్నాను.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇక కంపెనీ ఏం నేర్చుకుందో కూడా చెప్పాలి. సెప్టెంబరులో అడ్జస్టర్లందరికీ సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట తుది నివేదికలో విలువ గురించి మంచిగాని చెడుగాని ఏమీ రాయకూడదు, ఆ వాక్యం తీసేశాం అని. నా సాక్ష్యం సాధించింది అది. విలువ పోయిందని యజమాని అడిగితే చూపించడానికి ఇప్పుడు కాగితమే లేదు. ధర తగ్గించే పట్టికలో ఏడో వరస మాత్రం చెక్కు చెదరకుండా ఉంది. ఆ కంపెనీ పనులు నాకు రావడం ఆగిపోయింది. మిగిలిన ఏడాది పైచిలుకు మోటారుసైకిళ్ళ ఫైళ్ళు చూసి రిటైరయ్యాను.

ప్రమాదం జరిగిందని ఎవరైనా నన్ను సలహా అడిగితే ఇప్పుడు మూడు మాటలు చెబుతాను. రిపేరు మొదలుకాక ముందే కారు ధర డీలరు చేత రాయించుకోండి. వోచరు మీద సంతకం పెట్టే ముందు రిపేరుకు మాత్రమే అని రాయండి. అడ్జస్టరు నోటితో చెప్పిన మాటను నమ్మకండి, ఆయన మీ ఊరివాడైనా, మీ భాషవాడైనా సరే.

నాకు తెలిసొచ్చింది ఒకటే. చూడనిదాన్ని లేదని రాయడం పొరపాటు కాదు, ఫీజు ఇచ్చేవాడికి చేసే సేవ. పార్వతి కారుకు ముందు నేను చాసిస్ సరిచేయించి అదే వాక్యం కింద సంతకం పెట్టిన కార్లు వందల్లో ఉంటాయి. వాటి యజమానుల్లో ఒక్కరూ నా ఆఫీసు మెట్లెక్కి అడగలేదు. వాళ్ళకు నష్టం రాక కాదు. నష్టం లేదన్న నా మాట నమ్మారు.